ఊదమంటే ఊదుతాం, ఫోనెందుకియ్యాల?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద రాత్రిపూట బండి ఆపి, నోట్లో గొట్టం పెట్టి ఊదమనడం ఇప్పుడు కొత్తేమీ కాదు. ఊదమంటే ఊదాల్సిందే. దానిమీద మాకు పేచీ లేదు. తాగి బండి నడిపేవాడు మన పేటవాడైనా, ఊరి పెద్దరెడ్డి కొడుకైనా పట్టుకోవాల్సిందే. మా పేచీ ఆ తర్వాత జరిగేదాని గురించి. ఊదించినాక లైసెన్సు అడుగుతారు. లైసెన్సు ఫోన్లో ఉంటుంది. ఫోను పోలీసు చేతికి పోతుంది. అది ఎప్పుడు తిరిగొస్తుందో, ఈలోగా అందులో ఏమేం చూస్తారో అడిగే దిక్కు లేదు. ఏ చట్టం ఈ పని చెయ్యమంది? మేము ఆ చట్టాలూ నిబంధనలూ తెచ్చుకుని కూచుని చదివినాం. ఎక్కడా లేదు.

మాకు తెలిసిన పిల్లోడొకడు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేసుకుని రాత్రి పదకొండు దాటినాక బండి మీద ఇంటికి పోతున్నాడు. ఏ ఊరి దగ్గరో, ఏ ఠాణావాళ్ళో రాయడం లేదు. రాస్తే ఆ పిల్లోడే ఇరుక్కుంటాడు. ఆపినారు. ఊదినాడు. మిషన్లో సున్నా వచ్చింది. "లైసెన్సేదిరా?" అన్నారు. "ఫోన్లో ఉంది సార్" అన్నాడు. "తే ఇట్ల." లాక్ తీసి ఇచ్చినాడు. కానిస్టేబులు లైసెన్సు మీది అడ్రసు పైకి చదివినాడు. ఎస్సీ కాలనీ అని ఉంది. పక్కనున్నాయన నవ్వినాడు. తర్వాత వేలితో తెర జరిపినాడు. వాట్సాప్ తెరిచినాడు. గ్రూపు మీద బాబాసాహెబ్ బొమ్మ. "ఇదేం గ్రూపు? మీటింగులు యాడ పెడతాండారు? ఈ నంబరు ఎవరిది?" ఫొటోలు చూసినాడు. ఆ పిల్లోని పెండ్లాం ఫొటోలు కూడా చూసినాడు. ఇరవై నిమిషాలు. తర్వాత "పో" అన్నాడు.

కేసు లేదు. చలానా లేదు. ముక్క కాయితం లేదు. దెబ్బ కొడితే కమిలిన మచ్చ ఉంటుంది, డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం, సర్టిఫికెట్ రాయిస్తాం. దీనికి మచ్చ ఉండదు. పిల్లోడు ఇంటికి పోయి గ్రూపులోంచి తప్పుకున్నాడు. మన సంఘానికి ఆ రాత్రి తగిలిన దెబ్బ అదీ.

ఇది మన కాడ ఒక్కచోటి సంగతి కాదు. 2021 అక్టోబరులో హైదరాబాదులో గంజాయి పట్టుకుంటామని పోలీసులు రోడ్డు మీద మనుషుల్ని ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో వెతకడం వీడియోల్లో దేశమంతా చూసింది. అక్కడ అడిగేవాళ్ళు ఉన్నారు, రాసేవాళ్ళు ఉన్నారు, లీగల్ నోటీసులు ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మన చిలమత్తూరు రోడ్డులోనో సోమందేపల్లి దాటినాకనో అర్ధరాత్రి అడిగేదెవరు?

చట్టం సంగతి చెప్తాం. కొంచెం ఓపిక పట్టి చదవండి, మనకు పనికొచ్చే సరుకు ఇందులోనే ఉంది.

ఊదించే అధికారం మోటారు వాహనాల చట్టం, 1988లో 203వ సెక్షన్ ఇచ్చింది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గానీ, రవాణా శాఖ అధికారి గానీ, తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే ఊదమనవచ్చు. ఊదించే మిషను కేంద్ర ప్రభుత్వం గెజిట్లో ఒప్పుకున్న రకమై ఉండాల. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల సారాయం దాటితే 185వ సెక్షన్ కింద నేరం. ఊరికే ఊదననంటే ఆ మాటే కోర్టులో మనకి ఎదురు తిరుగుతుంది, 205వ సెక్షన్ అట్ల ఉంది. అందుకే ఊదమంటున్నాం. మిషన్లో ఎక్కువ వచ్చి అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాల, చేయించకపోతే వదిలిపెట్టాల. ఇది 202వ సెక్షన్‌లో ఉంది. "వాసనొస్తాంది, తూలుతాండావు" అన్నంత మాత్రాన తాగి నడిపినట్టు రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లోనే ఒక బొంబాయి డ్రైవరు కేసులో చెప్పింది.

శిక్ష చిన్నది కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకుముందు జరిమానా 2,000 దాకా ఉండేది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పని కూలి రోజుకి 307 రూపాయలు. పదివేలంటే ముప్పైరెండు రోజుల కూలి పోయినా ఇంకా బాకీ. కారులో పోయేవాడికి అది ఒక రాత్రి హోటలు బిల్లు. జరిమానాకి కులం లేదంటారు గానీ, కట్టేవాడికి ఉంది.

లైసెన్సు చూపమనే అధికారం 130వ సెక్షన్‌ది. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే చూపాల్సిందే. అయితే ఎట్ల చూపాల? పాతకాలంలో పుస్తకం, తర్వాత ప్లాస్టిక్ కార్డు. 2018 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్ని సవరించి, కాయితంగానైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపవచ్చన్నారు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్సుకి అసలు కార్డుతో సమానమైన విలువ వచ్చింది. గ్యాలరీలో దాచుకున్న మామూలు ఫొటోకి ఆ విలువ లేదు, మన పిల్లోళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాల. మన రాష్ట్రంలో 2023లో రవాణా శాఖ ప్లాస్టిక్ కార్డులు ఇవ్వడం ఆపేసి, ఫోన్లో చూపితే చాలంది. ఆ రోజుల్లో లైసెన్సు తీసుకున్న మన పిల్లోళ్ళ చేతికి కార్డే రాలేదు. అంటే ఫోను చూపడం వాళ్ళు కోరి తెచ్చుకున్న సౌకర్యం కాదు. కార్డు ఇయ్యకుండా ప్రభుత్వమే లైసెన్సుని ఫోన్లోకి నెట్టింది. తోసినవాళ్ళకి ఆ ఫోనుకి కాపలా ఏందో చెప్పే బాధ్యత లేదా?

అసలు ఫోను అవసరమే లేదు. లైసెన్సు ఉండేది రవాణా శాఖ కంప్యూటర్లో. ఫోన్లో కనిపించేది దాని నీడ. లైసెన్సు నంబరు చెప్తే పోలీసు తన చేతిలోని మిషన్లోనే పేరు, ఫొటో, గడువు, ఏ బండికి లైసెన్సు ఉందో, రద్దయిందా లేదా అన్నీ చూడవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధనల సవరణ ఇంకా గట్టిగా చెప్తుంది. వివరాలు ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకున్నాక కాయితాలు చూపమని అడగకూడదు. నేరం జరిగి లైసెన్సు స్వాధీనం చేసుకోవాల్సిన సందర్భంలో కూడా అడగకూడదు.

ఈ చివరిమాట దగ్గర రొంత ఆగాల. తాగి దొరికినవాడి లైసెన్సుని స్వాధీనం చేసుకుని రవాణా శాఖకి పంపాలని 206వ సెక్షన్ అంటుంది. కార్డు ఉన్న కాలంలో కార్డు లాక్కునేవాళ్ళు, రసీదు ఇచ్చేవాళ్ళు. లైసెన్సు ఫోన్లో ఉంటే ఏం లాక్కోవాల? ఫోనునా? కాదు. పోర్టల్‌లో ఆ లైసెన్సు మీద గుర్తు పెట్టాల. స్వాధీనం అంటే అంతే. తాగినట్టు మిషన్లో తేలినవాడి ఫోను కూడా లైసెన్సు పేరు చెప్పి లాక్కోవడానికి లేదు. తాగనివాడి ఫోను మాట చెప్పేదేముంది!

అదే 2020 సవరణలో ఇంకో సంగతి ఉంది. దీన్ని మన కార్యకర్తలు గోడ మీద రాసి పెట్టుకోవాల. పత్రాలు అడిగి తనిఖీ చేసిన ప్రతిసారీ ఏ రోజు, ఏ టైములో, ఏ అధికారి చూసినాడో పోర్టల్‌లో నమోదు కావాల. వాళ్ళు మన లైసెన్సు చూసినప్పుడు మనకేకాదు, వాళ్ళకీ ఒక గుర్తు పడాల. ఆ పిల్లోణ్ణి నిలబెట్టిన ఇరవై నిమిషాలకి పోర్టల్‌లో నమోదు ఉందా? ఉంటే ఏ అధికారి పేరుతో ఉంది? లేకపోతే ఎందుకు లేదు? మచ్చ లేని దెబ్బకి మచ్చ వెతికే దారి ఇదొక్కటే.

ఇంగ మూడోది, ఫోను. లాక్ తీయించి అందులో తిరగడానికి మోటారు వాహనాల చట్టంలో ఒక్క సెక్షన్ లేదు. క్రిమినల్ కేసు దర్యాప్తులో డిజిటల్ సాక్ష్యం ఉన్న పరికరాన్ని తెచ్చి ఇమ్మని అడిగే అధికారం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్‌లో ఉంది. కానీ దానికి దర్యాప్తు ఉండాల, రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాల. సోదా చేసి స్వాధీనం చేసుకుంటే ఆ పనిని వీడియో తియ్యాలని 105వ సెక్షన్ చెప్తుంది. మన ఊళ్ళ నుంచి బెంగుళూరుకి పనికి పోయేవాళ్ళు వందల మంది ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాల. కర్ణాటక హైకోర్టు 2021లో ఒక కేసులో, అత్యవసరమైతే తప్ప ఫోను సోదాకి వారంటు కావాలంది. రోడ్డు మీద ఊదించి సున్నా వచ్చినవాడి దగ్గర ఏ దర్యాప్తు? ఏ అత్యవసరం?

కొందరు మిత్రులు అంటారు, "మన దగ్గర దాచుకునేదేముందప్పా, చూస్తే చూడనీ." ఈ మాట అనేవాళ్ళు లైసెన్సు మీది అడ్రసు ఒకసారి చదవాల. లైసెన్సులో కులం గడి లేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, ఫొటో, అడ్రసు, అంతే. కానీ ఈ దేశంలో అడ్రసే కులం. ఎస్సీ కాలనీ, అంబేడ్కర్ నగర్, జగ్జీవన్ కాలనీ, మాదిగపేట, హరిజనవాడ. ఊరికి ఎటు పక్క ఉన్నామో అదే మన కులం సర్టిఫికెట్. ఆ ఒక్క గీత చదివినాక "మీరు" "నువ్వు" అయ్యేది, "నువ్వు" "ఏరా" అయ్యేది మేము కళ్ళతో చూసినాం. తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ "కాలనీ" అనే మాట అవమానానికి గుర్తుగా మారిందని, ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని అసెంబ్లీలో ప్రకటించినారు. పేరు మారిస్తే గుణం మారుతుందా అనేది వేరే చర్చ. కానీ అడ్రసులో కులం ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది కదా. కాబట్టి ఆ అడ్రసు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చదవాలన్నది మనకి చిన్న సంగతి కాదు. రోడ్డు మీద నలుగురి ముందర దాన్ని చదివి కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం 3(1)(ఎస్) కింద నేరం. యూనిఫాం దానికి అడ్డం రాదు.

పోలీసు రిజిస్టరులో మన పేరు ఉండడం అంటే ఏందో ఈ నేలకి తెలుసు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వంటి జాతుల్ని మొత్తంగా రిజిస్టరు చేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పలికించినారు. అప్పటి గుంటూరు జిల్లాలోని స్టూవర్టుపురం అట్లాంటి సెటిల్మెంటే. 1952లో చట్టం పోయింది. చూపు పోలేదు. ఇప్పుడు రిజిస్టరు కంప్యూటర్లో ఉంది, వేలిముద్ర ఫోను లాక్‌లో ఉంది.

ఆ కంప్యూటరు సంగతి కూడా వినండి. 2019 మార్చిలో కేంద్ర రవాణా శాఖ బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల వివరాల్ని మూటగట్టి అమ్మే విధానం పెట్టింది. ఏడాదికి 3 కోట్లు కడితే కంపెనీలకి డేటా. ఆ ఏడాది జూలైలో నితిన్ గడ్కరీ రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం 87 ప్రైవేటు కంపెనీలకి, 32 ప్రభుత్వ సంస్థలకి ఈ వివరాలు అందుబాటులో పెట్టి 65 కోట్ల దాకా సంపాదించినారు. మన్ని ఎవరైనా అడిగినారా? 2020 జూన్‌లో ఆ విధానాన్ని ఎత్తేసినారు, గోప్యతకి ముప్పనే మాట వాళ్ళ నోటనే వచ్చింది. పోలీసుకి ఒక పేరుతో తీసుకున్న వివరం ఇంకొకరికి ఇంకో పేరుతో పోవడానికి ఎంతసేపు? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి ఈ పక్క పిల్లోళ్ళకి డ్రైవరు పనులు వచ్చినాయి. హిందూపురం పక్కన తూమకుంట, గొల్లాపురంలోనూ అంతే. ధర్మవరంలో మగ్గం దిగి ఆటో ఎక్కినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళకి లైసెన్సే అన్నం గిన్నె. ఎనిమిదో తరగతి పాసైతేనే లారీకీ ఆటోకీ లైసెన్సు అనే నిబంధన చాలా ఏళ్ళు మనవాళ్ళని దొంగ డ్రైవర్లని చేసింది. 2019లో అది పోయింది. ఇప్పుడిప్పుడే సక్రమంగా లైసెన్సు తీసుకున్న మొదటి తరం ఇది. దాని మీద పడే ప్రతి గుర్తూ న్యాయంగా పడాలని అడగడం తప్పా?

గోప్యత అనేది ఉన్నోళ్ళ ముచ్చటని మనలో ఒక భావం ఉంది. నిజమే, మన గుడిసెకి తలుపెప్పుడుండింది? మన కుండలో ఏం ఉడుకుతోందో, మన ఇంటికి ఎవరొచ్చినారో దొరకి తెలియాల్సిందే. మనకి రహస్యం లేకుండా చెయ్యడమే వాళ్ళ పెత్తనానికి మూలం. అందుకే ఇది మనకే ఎక్కువ కావాల. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాట మీద గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినారు. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మనకి పరాయివాడు కాదు, 1990లలో ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ అధ్యక్షుడుగా ఉండినాయన. ఆ తీర్పు ప్రకారం ఒకరి గోప్యతలోకి ప్రభుత్వం చెయ్యి పెట్టాలంటే ముందు ఒక చట్టం ఉండాల, దానికి న్యాయమైన కారణం ఉండాల, ఎంత అవసరమో అంతే చూడాల. తాగినాడా లేదా తెలుసుకోవడానికి ఊపిరి చాలు. లైసెన్సు ఉందా లేదా తెలుసుకోవడానికి నంబరు చాలు. వాట్సాప్ దేనికి?

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, అది కాపాడదా అని ఒకాయన అడిగినాడు. ఆ చట్టం 17వ సెక్షన్ చదివితే ఆశ పోతుంది. నేరాల్ని నివారించడం, కనిపెట్టడం, దర్యాప్తు చెయ్యడం అనే పనులకి చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చేసినారు. పైగా అదే చట్టం చేత్తో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, అధికారుల గురించి మనం అడిగే వివరాలకి "వ్యక్తిగతం" అనే తలుపు బిగించినారు. మన ఫోను తెరిచి ఉండాల, వాళ్ళ ఫైలు మూసి ఉండాల. చట్టం చేసినవాళ్ళ కులాలు, మనుషులు వేరే చెప్పాలా!

వేరే దేశాల్లో ఈ చిక్కు రాలేదా? వచ్చింది. అమెరికాలో 2014లో అక్కడి సుప్రీంకోర్టు, అరెస్టు చేసినవాడి ఫోనైనా సరే వారంటు లేకుండా వెతకరాదంది. ఆ దేశంలోనే లూసియానా అనే రాష్ట్రం ఉంది. నల్లవాళ్ళని బానిసలుగా పెట్టి చెరుకు తోటలు నడిపిన నేల. అక్కడ 2018లో ఫోన్లో లైసెన్సు పెట్టినారు. పెట్టేటప్పుడు చట్టంలో ఒక వాక్యం రాసినారు. దాని సారం ఇది: లైసెన్సు చూపడానికి ఫోను చూపినంత మాత్రాన ఫోన్లో ఇంకేదైనా చూడటానికి ఒప్పుకున్నట్టు కాదు, సరిచూసుకున్న వెంటనే ఫోను తిరిగి ఇయ్యాల. అక్కడి పోలీసులు దేవుళ్ళని మేము అనడం లేదు. నల్లవాళ్ళ మీద వాళ్ళు చేసేదంతా తెలిసిందే. కానీ ఆ వాక్యం ఉంది, కోర్టులో దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. మన నిబంధనల్లో ఎలక్ట్రానిక్ లైసెన్సు చెల్లుతుందని రాసినారు గానీ ఈ వాక్యం రాయలేదు. మేము అడిగేది ఆ ఒక్క వాక్యం. ఢిల్లీలో రాయకపోతే, కనీసం మన రాష్ట్ర డీజీపీ ఒక సర్క్యులర్‌గా అన్ని ఠాణాలకీ పంపొచ్చు. దానికి పార్లమెంటు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

మన మహిళల మీటింగులో ఈ సంగతి ఎత్తితే ఒక పెద్దమ్మ లేచి, "తాగుబోతుల తరఫున మాట్లాడేకి వచ్చినారా నాయనా?" అని గట్టిగా అడిగింది. ఆమె అడగడం న్యాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా పోరాటంలో ముందు నిలబడింది మన పేటల ఆడవాళ్ళే. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేసినారు. ఇప్పుడు చూడండి. 2024 అక్టోబరులో కొత్త పాలసీ పెట్టి 99 రూపాయలకే క్వార్టర్ అని ప్రభుత్వమే చాటింపు వేసింది. హిందూపురానికి కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం, అటునుంచి వచ్చే ప్యాకెట్ల సంగతి పోలీసులకి తెలియనిది కాదు. బెల్టు షాపు కాడ కళ్ళు మూసుకుని, రోడ్డు మీద గొట్టం పట్టుకుంటారు. అయినా సరే, గొట్టం పట్టుకోవడం తప్పని మేము అనం. తాగినోడు తోలే బండి కింద నలిగేది రోడ్డు పక్కన నడిచేవాళ్ళు, ఆటోలో కిక్కిరిసి పోయే కూలోళ్ళు. అంటే మనమే. పెద్దమ్మకి మేము చెప్పింది ఒకటే. నీ కొడుకు తాగితే పట్టుకోనీ తల్లీ. తాగని కొడుకు ఫోన్లో నీ కోడలి ఫొటోలు చూస్తే ఒప్పుకుంటావా? ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫొటోలు చూసిన ఆ పోలీసు చేత ఊదించినారా?" అనింది. మీటింగంతా నవ్వింది గానీ, ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు.

బండి తోలడానికీ మన కులానికీ ఉన్న సంబంధం బాబాసాహెబ్ తన జీవితంలోనే రాసిపెట్టినారు. 1929లో చాలీస్‌గావ్ వెళ్తే టాంగావాలాలెవరూ అంటరానివాణ్ణి కూచోబెట్టుకుని తోలమన్నారు. టాంగా మాత్రం ఇస్తామన్నారు. టాంగా తోలి ఎరుగని మన మనిషొకడు పగ్గాలు పట్టినాడు. కల్వర్టు దగ్గర చక్రం తగులుకుని బాబాసాహెబ్ రాళ్ళ మీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. తోలడం వచ్చినవాడి చేతిలో బండి ఉండాలని మనకి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. మన పిల్లోడు సైకిలెక్కి ఊళ్ళోంచి పోతే దిగి నడవమన్న కాలం చూసిన ముసలివాళ్ళు మన పేటల్లో ఇంకా బతికున్నారు. ఆ పిల్లోని మనవడు ఈరోజు జేబులో లైసెన్సు పెట్టుకుని నేషనల్ హైవే మీద పోతున్నాడు. వాణ్ణి మళ్ళీ దిగి నిలబడమనేది ఇప్పుడు ఫోను కోసం.

బండి సంగతి కూడా ఒకమాట. తాగి దొరికితే బండి అక్కడే జప్తు అంటారు. తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో, జస్టిస్ కె. లక్ష్మణ్ ఇచ్చిన తీర్పులో, పక్కన తాగనివాడు లైసెన్సుతో ఉంటే బండి అతనికి ఇయ్యాలని, లేకపోతే బంధువుల్ని పిలిపించాలని, కాయితాలు చూపితే బండి తిరిగి ఇయ్యాలని చెప్పింది. అది పక్క రాష్ట్రం కోర్టు, మన పోలీసుల్ని కట్టెయ్యదు. కానీ చట్టం ఒక్కటే కాబట్టి మన వకీళ్ళు ఆ తీర్పుని ఇక్కడ చూపొచ్చు.

ఈలోగా మనవాళ్ళు చెయ్యాల్సింది. కార్డు ఉన్నవాళ్ళు కార్డే చూపండి, ఫోను బయటికే తియ్యొద్దు. కార్డు లేనివాళ్ళు లైసెన్సు నంబరు నోటికి నేర్చుకోండి, లేదా చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. "నంబరు చెప్తాను సార్, మీ మిషన్లో చూడండి" అనండి. మర్యాదగా అనండి, గొంతు పెంచొద్దు. తప్పక ఫోన్లోనే చూపాల్సి వస్తే మీ చేతిలో పట్టుకుని చూపండి. చాలా ఫోన్లలో ఒకే తెర కదలకుండా నిలబెట్టే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని మన చదువుకున్న పిల్లోళ్ళు పెద్దవాళ్ళకి నేర్పాల. ఒక సాయంత్రం పేటలో కూచుంటే పని అయిపోతుంది. లాక్కుంటే కొట్లాడొద్దు. అధికారి పేరు యూనిఫాం మీద చదువుకోండి, టైము గుర్తు పెట్టుకోండి, మరుసటి రోజే సంఘానికి చెప్పండి. అంత రాత్రిపూట ఒంటరిగా ఉన్నవాడు ఇదంతా చెయ్యగలడా అంటే, అందరూ చెయ్యలేరు. భయమేస్తుంది. అందుకే ఒక్కొక్కరి మీద వదిలెయ్యకుండా సంఘం పని చెయ్యాల.

సంఘం చెయ్యాల్సిన మొదటి పని సమాచార హక్కు కింద దరఖాస్తు. పుట్టపర్తిలోని జిల్లా పోలీసు కార్యాలయానికి అడగండి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో గడిచిన ఏడాదిలో ఎంతమందిని ఊదించినారు, అందులో ఎందరికి 30 దాటింది, ఎన్ని తనిఖీలు 2020 నిబంధన ప్రకారం తేదీ, టైము, అధికారి వివరంతో పోర్టల్‌లో నమోదైనాయి, ఫోన్లు చూడమని గానీ చూడొద్దని గానీ ఏదైనా రాతపూర్వక ఆదేశం ఉందా, ఉంటే నకలు. మనుషుల పేర్లు అడగడం లేదు, అంకెలూ ఆదేశాలే అడుగుతున్నాం కాబట్టి "వ్యక్తిగతం" అని తోసెయ్యడానికి లేదు. తెల్లకార్డు నకలు జత చేస్తే పేదలకి ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల. మూడు ఊళ్ళ నుంచి మూడు వేర్వేరు పేర్లతో మూడు దరఖాస్తులు పోవాల, ఒకటి పోగొట్టినా ఇంకోటి ఉంటుంది. దరఖాస్తు రాయడం రానివాళ్ళు మా దగ్గరికి రండి, బడి వదిలినాక సాయంత్రాలు కూచుని రాసిస్తాం. జవాబు ఏది వస్తే అది, వచ్చింది వచ్చినట్టు ఈ పేజీల్లోనే అచ్చేస్తాం.